గుంజకు ఇంకో కొక్కెం

గోల్ఫ్ మా వైపు ఆట కాదు. ఖమ్మంలో బస్సెక్కి, కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక కాగితం మిల్లు వాసన తగిలాక గోదావరి బ్రిడ్జి మీదికొచ్చి, భద్రాచలంలో దిగి, మళ్ళీ దుమ్ముగూడెం, చర్ల రోడ్డు పట్టుకున్నా దారి పొడవునా కనిపించేది వాలీబాలే. రెండు జామాయిల్ గుంజలు, మధ్యలో నెట్టు. నెట్టు చిరిగితే చేపల వల, అదీ లేకపోతే ఒట్టి తాడు. మా ఏజెన్సీలో కరెంటు లేని గూడెం చూశాను, రోడ్డు లేని గూడెం చూశాను. వాలీబాల్ గుంజలు లేని గూడెం మాత్రం నాకు గుర్తు లేదు. ఆశ్రమ పాఠశాలల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి, చూపు ముందు అటే పోతుంది.

అలాంటివాణ్ణి గోల్ఫ్ గురించి రాయడమేమిటంటే, మా అమ్మాయి ఉండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. డాలస్ పక్కన ఉన్న ఆ ఊళ్ళో కార్యసిద్ధి హనుమంతుడి గుడి ఉంది, తెలుగువాళ్ళు బోలెడంత మంది ఉన్నారు. అమెరికా గోల్ఫ్ శిక్షకుల సంఘం పీజీఏ కూడా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా నుంచి అక్కడికే మార్చింది. మనవాళ్ళకు గోల్ఫ్ అంటుకోవడంలో ఆశ్చర్యం లేదు. మా అల్లుడికీ అంటుకుంది. ఓ శనివారం పొద్దున్నే, “రండి మామయ్యా, నడవడానికి బాగుంటుంది” అని నన్నూ వెంట తీసుకుపోయాడు.

నడవడానికి బాగానే ఉంది. నా కన్ను మాత్రం మొదటి గుంట దగ్గరే ఆగిపోయింది. ఆట మొదలుపెట్టే చోటును టీ అంటారు. అది ఒక్క చోట లేదు, అయిదు చోట్ల ఉంది. కత్తిరించిన గడ్డి మీద జానెడు ఎత్తు కూడా లేని రంగు దిమ్మెలు జంటలు జంటలుగా పెట్టారు. అన్నిటికన్నా వెనక నల్లవి, వాటి ముందు నీలం, ఆ తర్వాత తెలుపు, బంగారు రంగు, అన్నిటికన్నా ముందు ఎరుపు. రంగుల వరస ఒక్కో మైదానంలో ఒక్కోలా ఉంటుందట. పద్దెనిమిది గుంటలూ నల్లదిమ్మెల నుంచి ఆడితే 7,000 గజాలు దాటుతుంది. ఎర్రదిమ్మెల నుంచయితే 5,000 చిల్లర. గుంట అదే, దాని మీద జెండా అదే, దారిలో ఇసుకా నీళ్ళూ అవే. ఎక్కడ నిలబడి మొదలుపెట్టాలో ఆడేవాడి ఇష్టం. ఎవరూ అడ్డం రారు, విజిల్ ఊదరు.

అల్లుడూ అతని స్నేహితులూ నేరుగా నల్లదిమ్మెల దగ్గరికి నడిచారు. అందరూ నలభై చుట్టుపక్కల వాళ్ళు, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్ళు. మధ్యాహ్నం దాకా చెట్ల కింద బంతులు వెతుక్కున్నారు.

కొంచెం లెక్క చెబుతాను, డ్రిల్లు మాస్టారి లెక్కే. 400 గజాల గుంట అనుకుందాం. నాలుగు దెబ్బల్లో ముగించాలి. రెండు దెబ్బల్లో జెండా ఉన్న నున్నటి గడ్డి మీదికి చేరాలి, ఇంకో రెండింట్లో బంతిని గుంటలో వేయాలి. ఆరితేరినవాడు మొదటి దెబ్బకు 300 గజాలు పంపిస్తాడు. ఇంకా వంద మిగులుతుంది. ఏ కర్ర తీయాలి, గాలి ఎటుంది, ఇసుకకు ఎడమగా వేయాలా కుడిగా వేయాలా అని ఆలోచించాల్సింది అక్కడే. 200 గజాలే కొట్టగలిగినవాడు అదే చోటి నుంచి మొదలుపెడితే ఇంకా 200 మిగులుతుంది. మళ్ళీ బలం కొద్దీ బాదడమే, బాదినా చేరదు. వాణ్ణి వంద గజాలు ముందుకు తెచ్చి నిలబెట్టండి. మొదటి దెబ్బ తర్వాత వాడికీ వందే మిగులుతుంది. వాడికీ అదే ఆలోచన, అదే భయం, అదే సరదా. ఆట సులువు కాలేదు. ఇంతసేపటికి ఆట మొదలైంది.

ఈ మాటే నాకు ఇంకా బాగా చెప్పింది అక్కడ కనిపించిన ఒక పెద్దాయన. బాపట్ల వైపు మనిషి, కొడుకు దగ్గరుంటూ ఈ ఆట నేర్చుకున్నాడు. బంగారు రంగు దిమ్మెల నుంచి ఆడుతున్నాడు. “వెనక నుంచి కొట్టినన్నాళ్ళూ ప్రతి గుంటకీ ఒకటే పనండీ మాస్టారూ. పెద్ద కర్ర తీయడం, బాదడం. మళ్ళీ పెద్ద కర్రే తీయడం, బాదడం. ముందుకొచ్చాక సంచిలో మిగతా కర్రలన్నీ బయటికొచ్చినయ్” అన్నాడు. సంచిలో 14 కర్రలదాకా పెట్టుకోవచ్చని నియమం. ఆయన వాటిలో ఒకదాన్ని తీసి చూపించాడు. తల భాగం ఇంకా కొత్తగా మెరుస్తోంది, పట్టు దగ్గర రబ్బరు మాత్రం అప్పుడప్పుడే నలుగుతోంది. కొని చాలా ఏళ్ళయిందట.

2011లో పీజీఏ, అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ కలిసి సరిగ్గా ఈ సంగతే ప్రచారం చేశాయి, ముందుకు జరగండి బాబూ అని. దాంతో పాటు ఒక పట్టిక ఇచ్చాయి. నాకు నచ్చింది ఆ పట్టికే. మొదటి దెబ్బకు 250 గజాలు కొట్టేవాడు 6,200 నుంచి 6,400 గజాల మైదానం ఆడాలి. 200 కొట్టేవాడు 5,200 నుంచి 5,400. 150 కొట్టేవాడికి 3,500 నుంచి 3,700 చాలు. పట్టికలో ఎక్కడా వయసు లేదు. ఎంత దూరం కొడతావు అన్నదొక్కటే ప్రశ్న. 30 ఏళ్ళవాడు 200 కొడితే వాడూ ముందుకే రావాలి. 75 ఏళ్ళవాడు 250 కొడితే ఆయన్ని ఎవరూ కదిలించనక్కర్లేదు. టామ్ వాట్సన్ 2009లో 59 ఏళ్ళ వయసులో బ్రిటిష్ ఓపెన్‌లో కుర్రాళ్ళతో సమానంగా వెనక నుంచే ఆడి, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు గాని లేకపోతే కప్పు ఆయనదే. అలాంటి వాళ్ళకు ముందు దిమ్మెలు చూపించడం మర్యాద కాదు.

వయసు మీద గీత గీస్తే ఎలా ఉంటుందో మా భద్రాచలం వాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 2014లో రాష్ట్రం రెండయింది. చింతూరు, కూనవరం, వర రామచంద్రాపురం మండలాలు ఆంధ్రాలోకి పోయాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రా అయింది. అదే ఏడాది ఆంధ్రాలో ఉద్యోగుల పదవీ విరమణ వయసు 60 చేశారు. ఇటు 58 దగ్గరే ఉంది. 2021లో ఇక్కడ 61 చేస్తే, ఆ మరుసటేడు అక్కడ 62 చేశారు. అంటే ఆటోలో పోయేంత దూరంలో ఒక ప్రభుత్వానికి ముసలివాడైన మనిషి ఇంకో ప్రభుత్వానికి ఇంకా పనికొచ్చేవాడు. మోకాళ్ళు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఒకేలా అరుగుతున్నాయి.

ముందుకు జరిగితే దొంగ గెలుపు కాదా అని అడిగేవాళ్ళున్నారు. గోల్ఫులో దానికీ లెక్క ఉంది. ప్రతి రంగు దిమ్మెకూ ఆ మైదానం ఎంత కష్టమో విడివిడిగా అంకె కట్టి పెడతారు. ఆడేవాడి స్థాయిని బట్టి కొన్ని దెబ్బలు మినహాయిస్తారు, దాన్నే హ్యాండిక్యాప్ అంటారు. 2020 నుంచి ప్రపంచమంతా దానికి ఒకటే పద్ధతి. ముందు నుంచి ఆడేవాడికి మినహాయింపు దెబ్బలు తగ్గుతాయి. చెల్లు.

మా ఆటల్లోనూ ఈ జ్ఞానం ఉంది, మనమే గుర్తించం. ఇనపగుండు తీసుకోండి. 18 ఏళ్ళలోపు కుర్రాడు విసిరేది 5 కిలోలు. 20 లోపు 6 కిలోలు. పెద్దయ్యాక 7.26 కిలోలు. ఇక్కడిదాకా ప్రతి పీఈటీకీ కంఠతా వచ్చు. ఆ తర్వాత సంగతి మాకు ఏ ట్రైనింగులోనూ గట్టిగా చెప్పలేదు. మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో 50 దాటిన మగవాడికి గుండు మళ్ళీ 6 కిలోలవుతుంది. 60 దాటితే 5. 70కి 4, 80కి 3. ఎక్కిన మెట్లే దిగుతుంది. 60 ఏళ్ళ తాత చేతిలోదీ, పదో తరగతి మనవడి చేతిలోదీ ఒకటే బరువు. ఇద్దర్నీ ఒకే వలయంలో నిలబెట్టి విసిరించవచ్చు. నాకు తెలిసి మా జిల్లాలో ఎవరూ ఆ పని చేయలేదు. చేస్తే జనం విరగబడి చూస్తారు.

పిల్లలకు బరువు తగ్గించమంటే ఎవరికీ నామోషీ లేదు. ఆరో తరగతి పిల్లాడి చేతికి 7.26 కిలోల గుండు ఇస్తే ఆ మాస్టార్ని తల్లిదండ్రులు తరిమికొడతారు. అరవై దాటినవాడు అదే గుండు పట్టుకుని భుజం పాడుచేసుకుంటే మాత్రం పౌరుషం అంటాం.

వాలీబాల్ కథ ఇంకా విచిత్రం. మా కోయ కుర్రాళ్ళు గాల్లోకి లేచి బంతిని పగలగొట్టేట్టు కొడుతుంటే ఇది పుట్టుకతోనే పడుచువాళ్ళ ఆట అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. 1895లో అమెరికాలోని హోలియోక్ అనే ఊళ్ళో వైఎంసీఏలో విలియం మోర్గాన్ అనే ఒకాయన వ్యాయామం నేర్పేవాడు. ఆయనా మాలాంటి డ్రిల్లు మాస్టారే. అప్పటికి నాలుగేళ్ళ కింద పక్క ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బాస్కెట్‌బాల్ పుట్టింది. కుర్రాళ్ళు దాని వెంట పడ్డారు. మోర్గాన్ దగ్గరికి వచ్చేది నడివయసు వ్యాపారస్థులు. ఆ పరుగులూ తోపులాటలూ వాళ్ళవల్ల కాలేదు. మీకింక ఆటలెందుకు, బెంచీ మీద కూర్చోండి అని ఆయన అనలేదు. టెన్నిస్ నెట్టు తెచ్చి ఆరడుగుల ఆరంగుళాల ఎత్తున కట్టాడు, మనిషి తలకు కాస్త పైన. ఎవడి వైపు వాడుండి బంతి కింద పడకుండా ఆడుకోండన్నాడు. అదే వాలీబాల్. పెద్దవాళ్ళ కోసం పుట్టిన ఆటను పడుచువాళ్ళు లాక్కుని నెట్టును 2.43 మీటర్లకు ఎత్తారు. మోర్గాన్ కట్టినదానికంటే అది అడుగున్నర ఎత్తు.

ఈ సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి, భద్రాచలం జూనియర్ కాలేజీ గ్రౌండులో సాయంత్రాలు ఆడే మా పెద్దల జట్టుకు నెట్టు దించుదామని నేనే ప్రతిపాదించాను. పెద్ద రభసయింది. ఆర్టీసీలో డ్రైవరుగా దిగిపోయిన ఆయన ముందుకొచ్చి, “నా పొడుగేమన్నా తగ్గిందా మాస్టారూ?” అన్నాడు.

“పొడుగు తగ్గలేదు డ్రైవర్‌గారూ. ఎగురుడు తగ్గింది.”

బట్టల షాపాయన వెంటనే, “ఎంతకి దించుతావేంది, 2.24కా? అది ఆడపిల్లల నెట్టు గదా!” అన్నాడు.

నొప్పంతా ఇక్కడుంది. గోల్ఫులోనూ ఇంతే. ముందున్న ఎర్రదిమ్మెలకు లేడీస్ టీ అని పేరు పడిపోయింది. గజాలు తగ్గినందుకు మగవాడికి బాధ లేదు, ఆడవాళ్ళ పక్కన నిలబడ్డట్టు కనిపిస్తానేమోనని బాధ. మా ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలు ఆ 2.24 మీంచి కొట్టిన బంతిని ఎత్తడం మా పెద్దల జట్టు ఆరుగురిలో ఒక్కరి వల్ల కూడా కాదు. ఆ మాట అంటే ఆ సాయంత్రం ఆటే ఉండదని ఊరుకున్నాను. చివరికి బేరం 2.32 దగ్గర తెగింది. అది నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేని ఎత్తు. టేపు పట్టింది నేనే.

ఏం మారిందో చెప్పాలి. ఎత్తు నెట్టు మీద మా ఆట ఒకరి వైపు నుంచి ఇంకొకరి వైపుకు బంతిని తోసుకోవడంగా దిగజారింది. ఎవరూ ఎగరరు, ఎవరూ అడ్డుకోరు. లిఫ్టరు చేసే పనికి అర్థం లేదు, ఎంత చక్కగా లేపినా కొట్టేవాడు లేడు. నెట్టు దిగాక మా లిఫ్టరు, ఆయన రిటైరయిన పోస్టు మాస్టారు, మొదటిసారి బంతిని రెండు చేతుల వేళ్ళ కొసలతో నెట్టుకు జానెడు దూరంలో నిలబెట్టాడు. డ్రైవర్‌గారు రెండడుగులు పరుగెత్తి, బెత్తెడు లేచి కొట్టారు. బెత్తెడే. బంతి అవతల నేలను తాకిన చప్పుడుకు పక్క నెట్టు దగ్గర ఆడుతున్న కుర్రాళ్ళు ఆగి తిరిగి చూశారు. ఆ వెంటనే తగువు మొదలైంది. లైనా, అవుటా! అంతకుముందు మా ఆటలో తగువులే లేవు. ఎవడు గెలిచినా ఒకటే అనుకున్నచోట తగువెందుకొస్తుంది? నెట్టు దించాక గీత మీద పడిన బంతి కోసం అరవై దాటిన పెద్దమనుషులు సున్నం ముద్ర వేలితో తడిమి చూసుకోవడం నాకు కన్నుల పండుగ. బట్టల షాపాయన మాత్రం ఇప్పటికీ ముందు కుర్రాళ్ళ నెట్టు దగ్గర కాసేపు ఆడి, ఆయాసం వచ్చాకే మా వైపు వస్తాడు. రానీ. నల్లదిమ్మె మీద ఒక చూపు వేసి రావడం ఆయన హక్కు.

అయితే అన్ని పనులకూ నెట్టు దించడం కుదరదు. దుమ్ముగూడెం వైపు నాకు తెలిసిన ఒక కోయ రైతు ఉన్నాడు. ఆయన పిల్లలు నా దగ్గరే చదువుకున్నారు. చేను గట్ల మీద తాటిచెట్లున్నాయి. ఎండాకాలం వస్తే ఇంటిల్లిపాదికీ కల్లే. వయసులో ఉన్నప్పుడు పొద్దునా సాయంత్రం మోకు వేసుకుని అన్నీ ఎక్కేవాడు. ఇప్పుడు పొడుగు చెట్లు కొడుకులకిచ్చాడు. చెరువు పక్కన పొట్టి చెట్లు రెండు తన కోసం ఉంచుకున్నాడు. గీత కత్తి ఇప్పటికీ తనే నూరుకుంటాడు, ఇంకొకరి చేతికివ్వడు. “చెట్టు చిన్నగవ్వదు సార్. మనమే చిన్న చెట్టు కాడికి పోవాలె” అన్నాడు. ఏ చెట్టు ఎప్పుడు వదలాలో ఆయనకు కొడుకులు చెప్పలేదు. పైకెక్కాక మోకాలు వణికిన చెట్టునల్లా మరుసటి ఏడు వదిలేస్తూ వచ్చాడట.

ఈ విషయంలో సర్కారును మెచ్చుకోవాలి. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 57 ఏళ్ళకయితే, కల్లుగీత కార్మికుడికీ చేనేత కార్మికుడికీ 50కే ఇస్తారు. ఏ పని ఒంటిని ఎంత అరగదీస్తుందో చూసి గీత గీశారన్నమాట.

మన ఇళ్ళు ఆ మాత్రం కూడా చూడవు. ఇళ్ళలో ఉన్నవి రెండే టీలు. ఒకటి నల్లది. రెండోది వాలుకుర్చీ. మధ్యలో రంగులేమీ లేవు. నలభై ఏళ్ళు వంటిల్లు నడిపిన తల్లికి ఒకరోజు చెయ్యి వణికి పాలగిన్నె ఒలికితే, ఆ సాయంత్రం నుంచే “అమ్మా, నువ్వు స్టవ్ దగ్గరికి రాకు” అంటాం. ఆవకాయ పాళ్ళు చూడటానికి స్టవ్వు అక్కర్లేదు కదా, పోపు డబ్బా ఆమె చేతికిందే ఉంచవచ్చు కదా అని ఎవరికీ తోచదు. స్కూటరు తాళాలు లాక్కుంటాం గాని, పగలు నడుపు, రాత్రి వద్దు అనం. ప్రేమతోనే చేస్తాం, సందేహం లేదు. ప్రేమతోనే మనిషిని ఆటలోంచి తీసేస్తాం. అటు పెద్దవాళ్ళూ తక్కువ తినలేదు. నా వల్ల కాదు అని ఒప్పుకోవడం కంటే పడిపోయి ఆసుపత్రిలో చేరడం వాళ్ళకు గౌరవంగా ఉంటుంది. ఈ రెండు మొండితనాల మధ్య మన ముసలితనం నడుస్తోంది.

బూర్గంపాడు వైపు రైతులు కొందరు దీనికి చక్కటి దారి పట్టారు. మిరప తోట కొడుక్కి అప్పగించి, నారుమడి మాత్రం తమ కింద ఉంచుకుంటారు. చిన్న మడి, వంగి చూడాల్సింది కాస్త, నడవాల్సింది ఇంకా కాస్త. అయితే నారు పాడయిందా, ఖమ్మం మార్కెట్టుకు పోయే బస్తాలన్నీ పోయినట్టే. చోటు చిన్నది, బాధ్యత పెద్దది. గోల్ఫ్ పట్టిక రాసినవాళ్ళు ఒకసారి వచ్చి ఆ మడి చూడాలి.

నాకు తోచేదేమిటంటే, ఏ దిమ్మె దగ్గర నిలబడాలో ఆడేవాడే చెప్పాలి. కొడుకు చెప్పకూడదు, డాక్టరు చెప్పకూడదు, పుట్టినరోజు అసలే చెప్పకూడదు. కాకపోతే ఆడేవాడు నిజం చెప్పాలి. అందుకు మైదానంలో అన్ని రంగుల దిమ్మెలూ ముందే పెట్టి ఉండాలి. మధ్యలో ఏమీ లేనిచోట మనిషి వెనక్కే పోతాడు, లేదా ఇంటికి పోతాడు.

కాబట్టి ఒక చిన్న విన్నపం. మీ ఊరి బడి గ్రౌండులో కొత్తగా వాలీబాల్ గుంజలు నాటిస్తున్నారా? ఇనప గొట్టాలయితే వెల్డింగు చేసే ఆయనతో మాట్లాడి, ఒక్కో గుంజకు ఒక కొక్కెం బదులు నాలుగు పెట్టించండి. పైది 2.43 దగ్గర, కింద 2.24 దగ్గర, మధ్యలో 2.32 దగ్గర ఒకటి, పిల్లల కోసం ఇంకా కింద ఒకటి. పెద్ద ఖర్చేమీ కాదు. పక్కన పెయింటుతో కొలత మాత్రమే రాయించండి. పురుషులు, స్త్రీలు, సీనియర్లు అని రాయించకండి.